అద్దెకివ్వడానికి ఇల్లు కొంటున్నారా? ముందు బేస్‌మెంట్‌లోకి దిగండి

ట్రాయ్‌లో మన వాళ్ళు నలుగురు కలిస్తే మాటలు మూడు విషయాల చుట్టూనే తిరుగుతాయి. గ్రీన్ కార్డు, పిల్లల చదువు, ఇల్లు. మొదటిది మన చేతిలో లేదు, రెండోది పిల్లల చేతిలో ఉంది, కాబట్టి మూడోదాని మీదే చర్చ ఎక్కువ. సొంతానికి ఒక ఇల్లు కొనుక్కున్నాక, ఇంకొకటి కొని అద్దెకిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన రానివాళ్ళు తక్కువ. ఆడమ్స్ రోడ్డు మీది భారతీయ టెంపుల్‌లో ప్రసాదం తింటూ, పుట్టినరోజు పార్టీల్లో పేపర్ ప్లేటు పట్టుకుని నిలబడి, ఈ లెక్క మేము వందసార్లయినా విని ఉంటాం: "అద్దె పంతొమ్మిది వందలొస్తుంది, మార్ట్‌గేజ్ పదమూడు వందలు పోతుంది, నెలకు ఆరు వందలు మిగులు. ఇంకేం కావాలి?"

ఆ లెక్కలో తీసివేత సరిగ్గానే ఉంది. కానీ అందులో ఇంటి కప్పు లేదు, ఫర్నేస్ లేదు, ఇంటి కింద నుంచి వీధిలోకి పోయే మురుగు పైపు లేదు. అంటే అసలు ఇల్లే లేదు.

మేము అంటే మూడు కుటుంబాలు. ముగ్గురిదీ బిగ్ బీవర్ రోడ్డుకు కాస్త అటూ ఇటూ కాపురం. 2018 వేసవి నుంచి మరుసటి ఏడాది వేసవి దాకా మా శనివారాలు చాలావరకు ఇళ్ళు చూడటానికే సరిపోయాయి. మొత్తం ఇరవై ఆరు ఇళ్ళు చూశాం, ఒకటి కొన్నాం. పెట్టుబడిలో ఒకరి వాటా చెల్లెలి పెళ్ళికని దాచిన డబ్బు. మరొకరిది నరసరావుపేట దగ్గర అరెకరం పొలం అమ్మితే వచ్చింది. మూడో వాళ్ళది నెల నెలా రెండు వందలు, మూడు వందలు మిగిల్చి పోగేసుకున్నది. ఆటలాడుకోవడానికి వీల్లేని డబ్బు. అందుకే ప్రతి ఇంటికీ ముందు రిపేర్ల కాగితం రాయాలని, ఆ తర్వాతే ధర మాట్లాడాలని మొదటి వారమే మాలో మేము ఒప్పందం చేసుకున్నాం.

ఈ ప్రాంతంలో జరిగినవి చూసిన వాళ్ళం కాబట్టి జాగ్రత్త దానంతటదే వచ్చింది. 2002 జనవరిలో, ట్రాయ్‌లోనే హెడ్డాఫీసు ఉన్న కెమార్ట్ దివాలా పిటిషన్ వేసింది. 2005 అక్టోబర్‌లో డెల్ఫై వేసింది, అదీ ట్రాయ్ కంపెనీయే. 2009లో క్రిస్లర్, జనరల్ మోటార్స్ ఒకదాని వెనుక ఒకటి. 2013 జూలైలో ఏకంగా డెట్రాయిట్ నగరమే. ఆ మధ్య ఏళ్ళలో బ్యాంకులు స్వాధీనం చేసుకున్న ఇళ్ళు కొన్ని వీధుల్లో వరసగా కనిపించేవి. వేన్ కౌంటీ పన్ను బకాయిల వేలంలో అయిదు వందల డాలర్ల నుంచి పాట మొదలయ్యే ఇళ్ళుండేవి. హైదరాబాద్ నుంచి ఫోన్లు వచ్చేవి: "ఏరా, అక్కడ సెల్‌ఫోన్ ధరకు ఇల్లొస్తుందటగా, మా పేరున కూడా ఒకటి పడెయ్!" ఆ వేలంలో పాడేవాళ్ళకు ఇంటి లోపలికి వెళ్ళి చూసే వీలుండదని, లోపల రాగి పైపులు కోసుకుపోయి ఉండొచ్చని, చలికాలంలో హీటు లేక నీళ్ళ గొట్టాలు పగిలి ఉండొచ్చని చెబితే వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. గోడలున్నాయి కదా, మిగతాది చూసుకోవచ్చులే అనేవాళ్ళు. ఆ మిగతాదే అసలు ధర.

ట్రాయ్‌లో స్కూళ్ళ కోసం అద్దెకొచ్చే మన వాళ్ళకు కొదవలేదు గాని, ఇళ్ళ ధరలూ ఆ స్థాయిలోనే ఉంటాయి. అందుకని మేము చుట్టుపక్కల ఊళ్ళు పట్టుకున్నాం. మాడిసన్ హైట్స్, క్లాసన్, వారెన్, స్టెర్లింగ్ హైట్స్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్ల ఫ్యాక్టరీల్లో పని పెరిగిన రోజుల్లో వరసలు వరసలుగా కట్టిన ఒంటి అంతస్తు ఇటుక ఇళ్ళు ఈ వైపు చాలా ఉన్నాయి. రాంచ్ అంటారు. గట్టి ఇళ్ళే. కాకపోతే అరవై ఏళ్ళ మనిషికి ఎన్ని టెస్టులు చేయిస్తామో అరవై ఏళ్ళ ఇంటికీ అన్ని చేయించాలి.

వారెన్‌లో చూసిన ఇల్లు ఒకటి చెబుతాం. 1956లో కట్టింది. ఎవరో కొని, బాగుచేసి, తిరిగి అమ్మకానికి పెట్టారు. లోపల అడుగు పెట్టగానే మాలో ఇద్దరు అక్కడే మనసు పారేసుకున్నారు. లేత బూడిద రంగు గోడలు, తెల్ల క్యాబినెట్లు, గ్రానైట్ గట్టు, తళతళలాడే స్టీలు ఫ్రిజ్. అడిగింది 1,89,000 డాలర్లు.

బేస్‌మెంట్‌లోకి దిగాం. అక్కడా గోడలకు కొత్త తెల్ల రంగు. కొత్త రంగు మంచిదే గాని, నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు ఒక పూత ఎక్కువ పడినట్టు తేడా తెలుస్తోంది. మూలన డీహ్యుమిడిఫయర్ గుర్రుపెడుతోంది. ఎవరో దాల్చినచెక్క వాసన కొవ్వొత్తి వెలిగించి పెట్టారు. దాని అడుగున ఇంకో వాసన, శ్రావణ మాసంలో ఆరని బట్టల వాసన. పైన పటారం లోన లొటారం అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

బయటికొస్తే పక్కింటి ముందు ఒక పెద్దాయన గడ్డి కోస్తున్నాడు. ఆయన్ని ఒకే ప్రశ్న అడిగాం: "2014 ఆగస్టులో ఇక్కడ బేస్‌మెంట్లలోకి నీళ్ళొచ్చాయా?" అప్పటికే ఇక్కడ ఉన్నవాళ్ళకు ఆ రోజు గుర్తుంటుంది. ఆగస్టు 11న పడ్డ వానకు ఐ-75, ఐ-696 ఫ్రీవేలు చెరువులయ్యాయి. డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో నాలుగున్నర అంగుళాలు నమోదైంది. వారెన్, రాయల్ ఓక్, మాడిసన్ హైట్స్ వైపు ఎన్నో ఇళ్ళల్లో డ్రైన్లలోంచి మురుగునీరు ఎగదన్నింది. ఆయన మిషన్ ఆపి, మోకాలి పైన చెయ్యి పెట్టి చూపించాడు. "ఇక్కడి దాకా. ఈ వరసంతా" అన్నాడు. ఆ బేస్‌మెంట్లో అదనపు పూత కూడా సరిగ్గా అంత ఎత్తుకే ఉంది.

మిషిగన్‌లో 1993 నాటి చట్టం ప్రకారం అమ్మేవాళ్ళు ఇంటి సంగతులు తమకు తెలిసినంతవరకు ఒక ఫారంలో రాసివ్వాలి. అందులో అవును, కాదు అన్న గళ్ళతోపాటు 'తెలియదు' అన్న గడి కూడా ఉంటుంది. ఈ ఇంటి ఫారంలో ఆ గడిలోనే టిక్కులన్నీ ఉన్నాయి. కొని నాలుగు నెలలే అయింది, ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు, కాబట్టి వాళ్ళకు తెలియకపోవడంలో అబద్ధం లేదు. బ్యాంకు స్వాధీనం చేసుకున్న ఇళ్ళను బ్యాంకే అమ్మితే ఆ ఫారం కూడా ఇవ్వక్కర్లేదు. అందుకని ఫారాన్ని చదవాలి గాని దాని మీద ఆధారపడి ధర చెప్పకూడదు. ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి ఆ అడ్రసు మీద ఏయే పర్మిట్లు తీసుకున్నారో అడగడం మేలు. కొత్త వైరింగ్, కొత్త ఫర్నేస్ అని ప్రకటనలో రాసి, పర్మిట్ ఒక్కటీ లేకపోతే ఆ పని ఎవరు చేశారో ఊహించుకోవచ్చు.

ఇంత తెలిసినా ఆ ఇంటిని వెంటనే వదల్లేదు. ధర తగ్గితే ఏ ఇల్లయినా కొనొచ్చు, ఎంత తగ్గాలో తెలియాలి, అంతే. ఇన్స్‌పెక్టర్‌కు 450 డాలర్లు, మురుగు పైపులో కెమెరా వేసే అతనికి 225 ఇచ్చాం. కెమెరా సంగతి చాలామందికి తెలియదు, మామూలు ఇన్స్‌పెక్షన్‌లో అది కలిసి రాదు, విడిగా అడగాలి. ఆ కాలం ఇళ్ళకు మురుగు పైపు మట్టి గొట్టం ముక్కలతో అతికింది. అతుకుల్లోంచి చెట్ల వేర్లు లోపలికి దూరతాయి. ఇంటి నుంచి వీధిలోని పెద్ద పైపు వరకు ఉన్న ముక్క చాలా ఊళ్ళలో ఇంటి ఓనర్‌దే బాధ్యత. టీవీలో చూస్తుంటే ముప్పై అడుగుల దగ్గర వేర్లు జడలు కట్టి ఉన్నాయి, ఇంకాస్త ముందుకెళ్తే పైపు కుంగి నీళ్ళు నిలిచాయి.

ఇక గోడ. బ్లాకుల గోడలో నడిమి ఎత్తున అడ్డంగా పగులు. దాని ఫోటో నరసరావుపేట పంపితే, అరెకరం అమ్మిన పెద్దాయన వెంటనే ఫోన్ చేశారు. "ఏరా అబ్బాయ్, అక్కడ కూడా రేగడి నేలేనా?" అన్నారు. నల్లరేగడిలో ఇల్లు కట్టించిన మనిషి. ఎండాకాలం నేల నెర్రెలిచ్చినప్పుడు గోడ ఎలా చీలుతుందో, వానలకు నేల ఉబ్బి ఎలా నెడుతుందో ఆయన చూసిందే. ఇక్కడిది బంకమట్టి, పేరు వేరు గాని పని అదే. నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, చలికాలంలో గడ్డకట్టి నెడుతుంది. పునాది కింద నేల గడ్డకట్టి ఎగదన్నకుండా మిషిగన్‌లో 42 అంగుళాల లోతున పునాది వేయాలంటారు. అది పునాదిని కాపాడుతుంది గాని, పక్కనుంచి తోసే మట్టి నుంచి గోడను కాపాడదు. పోత కాంక్రీటు గోడలో నిలువుగా వెంట్రుకంత పగులుంటే ఎండేటప్పుడు పడిందనుకోవచ్చు. బ్లాకుల గోడలో అడ్డంగా పగులుంటే బయటి మట్టి గోడను లోపలికి తోస్తోందని అర్థం. ఒక పొడుగాటి బద్దను గోడకు ఆనించి నిలబెడితే ఎంత వంగిందో కంటికే తెలుస్తుంది. ఆ గోడ ముప్పావు అంగుళం వంగింది.

పెద్దాయన ఇంకో మాట కూడా అడిగారు. "వాన పడ్డప్పుడు చూశారా, ఎండలో చూశారా?" అప్పటినుంచి మేము నచ్చిన ఇంటిని రెండోసారి వానలోనే చూడటం మొదలుపెట్టాం. మార్చిలో మంచు కరిగే వారమైతే ఇంకా మంచిది. గట్టర్ నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో, నేల వాలు ఇంటి వైపు ఉందో బయటికి ఉందో అప్పుడే కనబడుతుంది. ఒక్కోసారి యాభై డాలర్ల గట్టర్ గొట్టం ముక్క వేస్తే ఆగే తడి ఉంటుంది, అది దొరికితే అదృష్టమే.

వారెన్ ఇంటికి వచ్చిన కొటేషన్లు ఇవి. మురుగు పైపు 9,500 డాలర్లు. గోడకు ఉక్కు బీములు, బయట తవ్వి డ్రైన్ వేయడం కలిపి 14,000. పాత ఎలక్ట్రికల్ ప్యానెల్ మార్చడానికి 3,200. 1994 నాటి ఫర్నేస్ మార్చడానికి 5,000. మొత్తం 31,700. అమ్మేవాళ్ళు నాలుగు వేలు తగ్గిస్తామన్నారు. మేము నమస్కారం పెట్టాం. ఇళ్ళు చూపిస్తున్న రియల్టర్ అక్క, తెలుగావిడే, "మీరు ఉండేదా ఏంటండీ, అద్దెకిచ్చేదే కదా, రంగులేసి ఇచ్చేస్తే సరి" అన్నారు.

ఆ మాట మాకు ఎక్కలేదు. మేమందరం ఈ దేశంలో అద్దె ఇళ్ళలోనే మొదలుపెట్టిన వాళ్ళం. మాలో ఒకరికి వచ్చిన తొలి చలికాలం, ఈ చుట్టుపక్కలే ఒక అపార్ట్‌మెంట్‌లో, జనవరిలో శుక్రవారం రాత్రి హీటు పోయింది. ఫోన్ చేస్తే సోమవారం చూస్తామన్నారు. ఎనిమిది నెలల పాపను కోటులో చుట్టి, ఒక గదిలో చిన్న ఎలక్ట్రిక్ హీటర్ పెట్టుకుని మూడు రాత్రులు గడిపారు. పాత ఫర్నేస్ మార్చకుండా మిగిల్చే అయిదు వేలు ఎవరో ఒకరు చలి రూపంలో కడతారు. అద్దెకిచ్చిన ఇంటిని నివసించడానికి తగినట్టుగా, రిపేర్లు చేసి ఉంచాలన్నది మిషిగన్ చట్టంలోనే ఉంది. సోమవారం దాకా ఆగాల్సిన పని లేదని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆ వారెన్ ఇల్లు మూడు వారాల్లో అమ్ముడుపోయింది. తర్వాత అద్దె ప్రకటనల్లో కనిపించింది. రెండు బెడ్‌రూముల ఇల్లు మూడు బెడ్‌రూములైంది, మూడోది బేస్‌మెంట్లో. ఆ గదికి ఉన్నది జానెడెత్తు కిటికీ. నిప్పంటుకుంటే మనిషి దూరి బయటపడేంత కిటికీ లేకపోతే కోడ్ లెక్కలో అది పడకగది కాదు. అద్దె మాత్రం మన కుర్రాళ్ళు ముగ్గురు పంచుకోగలిగేంత పెట్టారు.

ఈ అనుభవాలతో మా కాగితానికి ఒక పద్ధతి వచ్చింది. ఇంట్లో ఏది ఎలా ఉందని కాకుండా, దేని వయసెంత అని రాసుకునేవాళ్ళం. ఫర్నేస్, వాటర్ హీటర్, ఏసీ మీద లేబుళ్ళుంటాయి. తయారైన ఏడాది చాలావాటిలో సీరియల్ నంబర్లోనే దాగి ఉంటుంది. ఏ అంకెలు ఏడాదో కంపెనీ పేరు పట్టి వెతికితే తెలుస్తుంది. మామూలుగా ఇక్కడి చలికి ఫర్నేస్ 15 నుంచి 20 ఏళ్ళు, వాటర్ హీటర్ పదేళ్ళ పైన కొంత, ఏసీ 15, కప్పు మీది షింగిల్స్ 20 నుంచి 25 ఏళ్ళు వస్తాయి. అందులోంచి గడిచిన ఏళ్ళు తీసేస్తే మిగిలిందే మనం కొంటున్నది. కప్పుకు 12,000 అయితే, ఇరవై ఏళ్ళకు పంచితే నెలకు 50 డాలర్లు. ఫర్నేస్ 5,400, పద్దెనిమిదేళ్ళకు నెలకు 25. వాటర్ హీటర్ 1,800, పదేళ్ళకు నెలకు 15. ఏసీ 4,500, పదిహేనేళ్ళకు నెలకు 25. ఈ నాలుగింటికే నెలకు 115 డాలర్లు, ఏదీ చెడిపోని నెలలో కూడా. నాలుగూ ఒకేసారి ముసలివైతే నెలకు 115 కాదు, ఒకే ఏడాదిలో పాతిక వేలు. అందుకే వయసులు పక్కపక్కన రాసి చూడాలి.

కప్పు సంగతి ఒకటి. ఇక్కడ అటక మీద ఇన్సులేషన్ తక్కువైతే ఇంటి వేడికి కప్పు మీది మంచు కరిగి, చూరు దగ్గర మళ్ళీ గడ్డకడుతుంది. వెనక నుంచి వచ్చే నీళ్ళకు దారి లేక షింగిల్స్ కిందికి పాకుతాయి. బయటి గోడ పక్కన సీలింగ్ మీద టీ రంగు మరక కనిపిస్తే అదే. కొత్త కప్పు వేసినా ఆ మరక మళ్ళీ వస్తుంది, ఇన్సులేషన్ వేయకపోతే.

వైరింగ్ గురించి మేము చెప్పేది తక్కువ, అది ఎలక్ట్రీషియన్ పని. 1965, 1973 మధ్య కట్టిన ఇళ్ళలో అల్యూమినియం వైరు వేసి ఉండొచ్చు, అడిగి చూపించుకోవాలి. 1978కి ముందు కట్టిన ఇంట్లో సీసం కలిసిన పాత రంగు ఉండొచ్చు. చిన్నపిల్లలున్న కుటుంబానికి అద్దెకిచ్చేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తెలిసిన సంగతి రాతలో చెప్పాలి, 2010 నుంచి అలాంటి రంగును గీకే పని సర్టిఫికెట్ ఉన్న కాంట్రాక్టరే చేయాలి. ఆ పనికి రేటు ఎక్కువ. డెట్రాయిట్ నగరం లోపల అయితే అద్దెకిచ్చే ఇంటికి నగరం నుంచి విడిగా సర్టిఫికెట్ కావాలి. మిగతా ఊళ్ళలో నియమాలు ఊరికొకటి, కొనకముందే సిటీ హాల్‌కు వెళ్ళి అడగడం మంచిది.

ఇప్పుడు కొన్న ఇంటి సంగతి. మాడిసన్ హైట్స్‌లో 1958 నాటి ఇల్లు. ఒక ముసలావిడ నలభై ఏళ్ళు ఉన్నారు. ఆవిడ పోయాక పిల్లలు అమ్మకానికి పెట్టారు. నలభై రోజులైనా ఎవరూ ముట్టుకోలేదు, ఎందుకో తలుపు తీయగానే తెలిసింది. నారింజ రంగు కార్పెట్, సిగరెట్ పొగకు గోధుమ రంగు తిరిగిన సీలింగ్, గులాబీ టైళ్ళ బాత్‌రూమ్, తలుపులు వేలాడుతున్న వంటింటి అలమరలు. మాలో ఒకరు ముక్కు మూసుకుని నేరుగా బేస్‌మెంట్‌లోకి దిగారు. అక్కడ పాత అట్టపెట్టెలు నేల మీదే ఉన్నాయి, క్రిస్మస్ సామాన్లతో. ఎత్తి చూస్తే అడుగులు పొడిగా, గట్టిగా ఉన్నాయి. తడి తగిలిన అట్ట అలా ఉండదు. గోడలకు రంగే లేదు, పగులూ లేదు. మురుగు పైపు మార్చినప్పటి రసీదు, నీళ్ళు వెనక్కి తన్నకుండా పెట్టిన వాల్వ్ రసీదు ఒక సీసాలో చుట్టి పెట్టి ఉన్నాయి. ఫర్నేస్ 2012, వాటర్ హీటర్ 2013, కప్పు 2015. కార్పెట్ మూల లేపితే కింద ఓక్ చెక్క నేల!

అంతా కలిపి పనులకు 14,600 అంచనా వేశాం. తెలియనివాటికి ఇంకో పదిహేను శాతం పక్కన పెట్టాం. 1,72,000 అడిగిన ఇల్లు 1,65,000కు ఒప్పుకున్నారు. పనులకు చివరికి 15,300 అయింది. వాసన పోవడానికి ముందు ప్రత్యేకమైన ప్రైమర్ వేయించాల్సి వచ్చింది, అదొక్కటే అనుకున్నదానికంటే ఎక్కువైంది. కంటికి అసహ్యంగా కనిపించేవి బాగుచేయడం చౌక. మంచి రంగు వెనక దాక్కునేవి ఖరీదు. కొనేవాళ్ళలో ఎక్కువమంది దీనికి తిరగేసి ధర కడతారు.

రిపేరు కాని ఖర్చు ఒకటుంది, దాన్ని కూడా అదే కాగితం మీద రాయాలి. ఆ ముసలావిడ పన్ను బిల్లు ఏడాదికి రెండు వేల చిల్లర. అది చూసి మురిసిపోతే అంతే సంగతులు. 1994లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజల్ ఎ ప్రకారం ఒకే ఓనర్ ఉన్నంతకాలం పన్ను లెక్కకట్టే విలువ ఏడాదికి అయిదు శాతం లేదా ద్రవ్యోల్బణం, ఏది తక్కువైతే అంతకు మించి పెరగదు. ఇల్లు చేతులు మారిన మరుసటి ఏడాది ఆ మూత లేచిపోయి, విలువ మార్కెట్ ధరలో సగానికి చేరుతుంది. పైగా సొంతంగా ఉండేవాళ్ళకు మినహాయింపు ఉన్న స్కూలు పన్ను 18 మిల్లులు అద్దె ఇంటికి పడుతుంది. మిల్లు అంటే వెయ్యికి ఒక డాలర్. 1,65,000లో సగం 82,500. దాని మీద 18 మిల్లులంటే ఏడాదికి 1,485 డాలర్లు అదనం, ఒక్క ఆ పద్దు కిందే. మొత్తం బిల్లు అయిదు వేలు దాటుతుందని ముందే తేల్చుకుని 5,200 రాసుకున్నాం.

2019లో అద్దె 1,450 వచ్చింది. పన్ను నెలకు 433, ఇన్సూరెన్స్ 80, ఇల్లు చూసుకునే మేనేజర్‌కు 116, పైన చెప్పిన నాలుగు వస్తువులకు 115, ఇల్లు ఖాళీగా ఉండే రోజులకూ రంగులకూ 100. వెరసి 844. మిగిలిన 606లో, సగం ధరకు తీసుకున్న అప్పు వాయిదా 443. చేతిలో మిగిలేది నెలకు 163 డాలర్లు, మూడు కుటుంబాలకు కలిపి. పార్టీల్లో వినిపించే ఆరు వందలకు నాలుగో వంతు చిల్లర. మేము దీన్ని ముందే రాసుకుని, చాలు అనుకునే కొన్నాం. ఇది విని ఒక స్నేహితుడు "దీనికా ఇరవై ఆరు ఇళ్ళు తిరిగారు?" అని నవ్వాడు. ఆయన 2021లో, ఇన్స్‌పెక్షన్ వద్దని సంతకం పెడితే తప్ప ఇల్లు దొరకని రోజుల్లో ఒకటి కొన్నాడు. అది ఎలా ఉందో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

మేనేజర్‌కు డబ్బు ఎందుకు దండగ, మనమే శనివారం వెళ్ళి కుళాయి బిగించుకోవచ్చు కదా అంటారు. మాలో ఇద్దరు అప్పటికి హెచ్-1బి మీదే ఉన్నారు. ఆ వీసా మీద ఇల్లు కొనొచ్చు, అద్దె తీసుకోవచ్చు. ఇంటి పనులు స్వయంగా చేయడం ఉద్యోగం కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్‌ను అడగాల్సిన ప్రశ్న, పార్టీలో తేల్చుకునేది కాదు. ఇంకొకటి, 2017 నుంచి ఉద్యోగం పోతే మామూలుగా అరవై రోజుల వరకే గడువు. ఆ అరవై రోజుల్లో ఫర్నేస్ ఆగిపోతే? ఆరు నెలల వాయిదాలు, ఒక ఫర్నేస్ ధర ఎప్పుడూ విడి ఖాతాలో ఉంచుతాం. అది ముగ్గురి సంతకాలు లేకుండా కదలదు.

ఇన్సూరెన్స్‌లో అద్దె ఇంటి పాలసీ వేరు, సొంతింటిది పనికిరాదు. డ్రైన్లలోంచి ఎగదన్నే నీళ్ళకు మామూలు పాలసీ డబ్బివ్వదు, విడిగా కలిపించుకోవాలి. 2014 వానలో చాలామందికి ఈ సంగతి అప్పుడే తెలిసింది. కాండో కొనేవాళ్ళకైతే బేస్‌మెంట్ బాధ తక్కువ గాని అసోసియేషన్ బాధ ఉంటుంది. మిషిగన్‌లో అసోసియేషన్లు ఏడాది బడ్జెట్‌లో కనీసం పది శాతం రిజర్వులో వేయాలి. ముప్పై ఏళ్ళ కప్పులన్నీ ఒకేసారి మార్చాల్సొస్తే ఆ పది శాతం ఏ మూలకు? గత రెండేళ్ళ మీటింగ్ మినిట్స్ అడిగి చదవండి. ఇవ్వనంటే ఆ ఇల్లు వదిలేయడం మేలు.

మా ఇంట్లో మొదటి నుంచీ ఒక తెలుగు కుటుంబమే ఉంటోంది. చేరిన రోజునే ఇంటి పరిస్థితి రాసే చెక్‌లిస్టు ఇచ్చాం. మిషిగన్‌లో డిపాజిట్ తీసుకునే ఓనర్ అది ఇచ్చి తీరాలి, అద్దెకున్నవాళ్ళు ఏడు రోజుల్లో నింపి తిరిగి ఇవ్వాలి. డిపాజిట్ నెలన్నర అద్దెకు మించకూడదు. ఇది చదివేవాళ్ళలో అద్దెకున్నవాళ్ళే ఎక్కువ కాబట్టి చెబుతున్నాం, ఆ కాగితం ఇవ్వకపోతే అడగండి. పైన మేము రాసినవన్నీ, కిటికీ కొలత, ఫర్నేస్ లేబుల్, సీలింగ్ మరక, బేస్‌మెంట్ వాసన, అద్దెకు చేరేముందు కూడా చూసుకోదగ్గవే. ఫోటోలు తీసి తేదీతో దాచుకోండి.

మా ఇంటి వాటర్ హీటర్ లేబుల్ మీద 2013 అని ఉంది. పన్నెండేళ్ళు దాటింది. ఇంకా వేడి నీళ్ళు వస్తూనే ఉన్నాయి, అడుగున తుప్పు నీళ్ళ గుర్తు కూడా లేదు. అయినా డిసెంబర్‌లో, ఇంట్లో చంటిపిల్లాడున్నప్పుడు ఆగిపోయేదాకా ఎందుకని శనివారం ప్లంబర్‌ను రమ్మన్నాం. 1,950 చెప్పాడు. నూట యాభై ఎక్కువే, కాగితం మీద దిద్దుకున్నాం.